పడవ వెనుక ఇంజను: రెండు ఘాతాలు, నాలుగు ఘాతాలు

స్కూటరుకు పెట్రోలు పోయించుకొని, దానిలో కొలతగిన్నెతో కొంచెం నూనె కలిపించుకోవడం కొంతకాలం క్రిందటి వరకు మన ఊళ్ళ పెట్రోలు బంకులలో నిత్యం కనిపించిన దృశ్యం. అట్టి స్కూటరు బయలుదేరగానే వెనుకనుంచి నీలిరంగు పొగ వచ్చేది. పెట్రోలు కారుకు మాత్రం ఎవరూ ఇట్లా నూనె కలిపేవారు కారు. రెండు బండ్లూ ఒకే పెట్రోలుతో నడుస్తున్నప్పుడు, ఒకదానికి నూనె కలపడమెందుకు, రెండవదానికి అక్కరలేకపోవడమెందుకు అని తరగతిలో విద్యార్థి అడగవచ్చును. ఆ స్కూటరు ఇంజను రెండు ఘాతాలది, కారు ఇంజను నాలుగు ఘాతాలది అన్నదే దీనికి జవాబు.

ఈ రెండు రకాల మధ్య నూరు సంవత్సరాలకు పైగా సాగిన పోటీని పడవ ఇంజన్ల చరిత్రలో చక్కగా పరిశీలించవచ్చును. పడవ వెనుక చెక్కకు బయటివైపున మరలతో బిగించి, పని తీరగానే ఊడదీసి ఒడ్డుకు మోసుకుపోగల ఇంజనును ఔట్‌బోర్డు ఇంజను అంటారు. పైన ఇంజను, క్రింద నీటిలో తిరిగే రెక్కల ప్రొపెల్లరు, రెండింటినీ కలిపే నిలువు ఇరుసు, ఇంతే దాని స్వరూపం. ఇంజనును అటూ ఇటూ త్రిప్పితే పడవ దారి మారుతుంది గనుక వేరే చుక్కాని అక్కరలేదు. ఇరవయ్యవ శతాబ్దంలో అధికభాగం ఈ రంగాన్ని రెండు ఘాతాల ఇంజను ఏలినది. ఆ శతాబ్దం ముగిసేసరికి నాలుగు ఘాతాల ఇంజను దాని స్థానాన్ని ఆక్రమించసాగినది. ఈ మార్పు ఎందుకు వచ్చినదో తెలుసుకోవాలంటే ముందు ఇంజను పనిచేసే తీరు తెలియాలి.

ఘాతమనగా నేమి?

పెట్రోలు ఇంజనులో సిలిండరు అనే గొట్టం, దానిలో పైకీ క్రిందికీ కదలే పిస్టను ముఖ్యభాగాలు. పిస్టను ఒక కొననుంచి రెండవ కొనకు ఒకసారి పోవడమే ఒక ఘాతం. రెండు ఘాతాలకు ఇరుసు ఒక చుట్టు తిరుగుతుంది.

నాలుగు ఘాతాల ఇంజనులో మొదటిసారి పిస్టను క్రిందికి దిగుతూ పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని లోపలికి పీల్చుకొంటుంది. రెండవసారి పైకి పోతూ దానిని నొక్కుతుంది. అప్పుడు విద్యుత్ మెరుపుతో మిశ్రమం మండి, పిస్టనును బలంగా క్రిందికి నెడుతుంది. ఇది మూడవ ఘాతం. నాలుగవసారి పిస్టను పైకి వస్తూ, మండి మిగిలిన వాయువులను బయటికి నెట్టివేస్తుంది. నాలుగింటిలో శక్తి నిచ్చేది ఒక్కటే. అనగా ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మాత్రమే బలం అందుతుంది. మిశ్రమం వచ్చే దారిని, మండిన వాయువులు పోయే దారిని వేళకు తెరచి మూయడానికి కవాటాలు, వాటిని నడపడానికి ప్రత్యేకమైన ఇరుసు కావాలి.

రెండు ఘాతాల ఇంజను ఈ పని అంతా ఒక్క చుట్టులో ముగిస్తుంది. పిస్టను పైకి పోతూ మిశ్రమాన్ని నొక్కుతుంది, మండగానే క్రిందికి దిగుతుంది. దిగుతూ దిగుతూ సిలిండరు గోడలోని రంధ్రాలను తెరుస్తుంది. ఒక రంధ్రం గుండా మండిన వాయువులు బయటికి పోతుండగా, మరొక రంధ్రం గుండా క్రొత్త మిశ్రమం లోనికి వస్తుంది. ప్రతి చుట్టుకూ ఒకసారి బలం అందుతుంది. నిమిషానికి 5000 చుట్లు తిరిగే ఒంటి సిలిండరు ఇంజనును తీసుకొంటే, రెండు ఘాతాలదానిలో 5000 సార్లు, నాలుగు ఘాతాలదానిలో 2500 సార్లు మిశ్రమం మండుతుంది. అయినా సిలిండరు పరిమాణం ఒకటే అయినప్పుడు శక్తి సరిగా రెట్టింపు కాదు. ఎందుకు కాదో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం చాలును.

ఒక గాజు గ్లాసు నిండా ఎర్రరంగు నీరు పోయండి. దానిపై మంచినీటిని ధారగా పోస్తూ ఎర్రనీరంతా పొర్లిపోయేదాకా ఆగండి. ఎర్రరంగు పూర్తిగా పోయేలోగా మంచినీరు కూడా ఎంతో పొర్లిపోయి ఉంటుంది. త్వరగా ఆపితే గ్లాసులో ఎరుపు మిగిలిపోతుంది. రెండు ఘాతాల సిలిండరులో జరిగేది ఇదే. క్రొత్త మిశ్రమమే పాత వాయువులను తోసివేయాలి. ఆ సమయంలో రెండు దారులూ తెరచి ఉంటాయి. కావున కొంత మిశ్రమం మండకుండానే బయటికి జారిపోతుంది, కొంత పాత వాయువు లోపలే మిగులుతుంది. ఈ చరిత్ర అంతటికీ మూలం ఈ చిన్న లోపమే.

పేటెంటు చుట్టూ తిరిగిన దారి

ఫ్రెంచి ఇంజనీరు బో ద రోషా 1862 లోనే నాలుగు ఘాతాల సూత్రాన్ని కాగితంపై వివరించినాడు. దానిని చక్కగా పనిచేసే యంత్రంగా 1876 లో లోకానికి చూపినవాడు జర్మనీకి చెందిన నికొలాస్ ఒట్టో. అతనికి లభించిన పేటెంటు ఇతరులకు పెద్ద అడ్డంకి అయినది. ఆ హక్కును తాకకుండా ఇంజను చేయాలనుకొన్నవారు రెండు ఘాతాల వైపు చూచినారు. స్కాట్లండువాడైన డ్యూగల్డ్ క్లర్కు, క్రొత్త మిశ్రమాన్ని నెట్టడానికి వేరే సిలిండరు గల రెండు ఘాతాల ఇంజనుకు 1881 లో పేటెంటు పొందినాడు. తరువాత మోటారు కారుతో ప్రసిద్ధుడైన కార్ల్ బెంజ్ కూడా 1879 లో మొదట నడిపించినది రెండు ఘాతాల ఇంజనునే. బో ద రోషా రచన వెలికివచ్చిన పిమ్మట 1886 లో జర్మనీలో ఒట్టో హక్కు రద్దయినది.

క్లర్కు ఇంజనుకు అదనపు పంపు ఉండడం వలన అది చిన్న పనులకు అనువు కాలేదు. ఇంగ్లండులోని బాత్ నగరంలో జోసెఫ్ డే ఈ చిక్కును తీర్చినాడు. పిస్టను క్రింద, ఇరుసు తిరిగే గదిని గాలి చొరబడకుండా మూసివేసి, ఆ గదినే పంపుగా వాడుకోవడం అతని ఉపాయం. పిస్టను పైకి పోతే గదిలోనికి మిశ్రమం వస్తుంది, క్రిందికి దిగితే అక్కడ నొక్కుకొని సిలిండరులోనికి పోతుంది. 1891 లో డే దీనికి పేటెంటు పొందినాడు. అతనివద్ద పనిచేసిన ఫ్రెడరిక్ కాక్ మరుసటి సంవత్సరం మూడవ రంధ్రాన్ని చేర్చి, కవాటాలు అసలే లేకుండా చేసినాడు. దీనితో ఇంజనులో ప్రధానంగా కదిలే భాగాలు మూడే మిగిలినవి: పిస్టను, దానిని ఇరుసుతో కలిపే కమ్మీ, ఇరుసు.

కాని ఈ సౌకర్యానికి ఒక మూల్యం ఉన్నది. నాలుగు ఘాతాల ఇంజనులో క్రింది గది నూనె నిలువ ఉండే చోటు. డే ఇంజనులో ఆ గది గుండా పెట్రోలు మిశ్రమం పోతుంది గనుక అక్కడ నూనె నిలువ ఉంచే వీలు లేదు. కావున నూనెను పెట్రోలులోనే కలపవలసి వచ్చినది. ఆ నూనె కొంత మండి, కొంత మండకుండా పొగతోపాటు పోతుంది. స్కూటరు నీలిపొగకు కారణం ఇదే.

తెడ్డు స్థానంలో మర

పడవనుంచి ఊడదీయగల మోటారును మొదట చూపినది పెట్రోలు ఇంజనువారు కారు. ఫ్రాన్సుకు చెందిన గుస్తావ్ త్రూవే 1881 లో పారిస్ వద్ద సెన్ నదిలో విద్యుత్ మోటారుతో చిన్న పడవను నడిపినాడు. మోటారు, ప్రొపెల్లరు, చుక్కాని ఒకే సాధనంగా కూర్చినాడు. కాని ఆనాటి బ్యాటరీల బరువు, వాటి కొద్దిపాటి శక్తి దానిని వ్యాపింపనీయలేదు.

అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ అనే యువకుడు మోటారు సైకిలు ఇంజనును పడవకు తగిలించి, 1905 లో డెట్రాయిట్ నదిలో పరీక్షించినాడు. ఆ తరువాత అమ్మకాలు సాగించినాడు. అయితే ఈ ఇంజనుకు ఇంటింటా పేరు తెచ్చినవాడు ఓలె ఎవిన్‌రూడ్. 1877 లో నార్వేలో పుట్టి, పసితనంలోనే అమెరికా చేరి, మిల్వాకీ నగరంలో యంత్రాల పని నేర్చినవాడు. సరస్సు ఒడ్డున విహారంలో ఉండగా, ప్రియురాలు బెస్ కోసం ఎండలో పడవ వేసుకొని ఐస్‌క్రీము తేబోయి, తిరిగివచ్చేసరికి అది కరిగిపోయినదని, అప్పుడే పడవకు ఇంజను పెట్టాలనే ఆలోచన పుట్టినదని ఒక కథ చెప్పుకొంటారు. కథ ఎట్లా ఉన్నా, 1909 లో అతడు అమ్మకానికి పెట్టిన ఇంజను మాత్రం చరిత్ర. ఒంటి సిలిండరు, రెండు ఘాతాలు, ఒకటిన్నర అశ్వశక్తి, 62 పౌనుల బరువు. ధర 62 డాలర్లు. కార్యాలయాన్ని, ప్రకటనలను చూచుకొన్నది భార్య బెస్. ఇక తెడ్లు పారవేయండని ఆమె వ్రాసిన ప్రకటన దేశమంతా ప్రాకినది.

ఔట్‌బోర్డుకు బరువే ప్రధానమైన పరీక్ష అన్న సంగతి అతని తదుపరి కృషిలో కనిపిస్తుంది. 1921 లో అల్యూమినియం ఎక్కువగా వాడి ఎవిన్‌రూడ్ చేసిన రెండు సిలిండర్ల ఇంజను బరువు సుమారు 48 పౌనులు, శక్తి మూడు అశ్వాలు. కిలోగ్రాములలో చూస్తే, 1909 నాటి ఇంజను ఒక్కొక్క అశ్వశక్తికి దాదాపు 19 కిలోల బరువు మోసేది. 1921 నాటిది ఏడు కిలోలకు కాస్త ఎక్కువ. పన్నెండేళ్ళలో ఇంత మార్పు వచ్చినది. ఆ కాలంలోనే ఇండియానా రాష్ట్రంలోని జాన్సన్ సోదరులు ఇంకా తేలికైన ఇంజనుతో పోటీకి వచ్చినారు. 1939 లో కార్ల్ కీకేఫర్ స్థాపించిన సంస్థ నుంచి మెర్క్యురీ ఇంజన్లు వెలువడినవి. ఈ తయారీదారులందరూ ఎన్నుకొన్నది రెండు ఘాతాల ఇంజనునే.

అది అనాలోచితమైన ఎంపిక కాదు. కవాటాలు లేవు గనుక బరువు తక్కువ, ధర తక్కువ, చెడిపోయే భాగాలు తక్కువ. నూనె నిలువ లేదు గనుక ఇంజనును ఏ ప్రక్కన పడుకోబెట్టినా ఒలికేది లేదు. ఔట్‌బోర్డులో ఇరుసు నిలువుగా ఉంటుంది. అందులో నూనె నిలువ ఉంచి, పైదాకా పంపి, మళ్ళీ క్రిందికి రాబట్టడం ఆనాటి చిన్న ఇంజన్లకు భారమైన ఏర్పాటు. రేవులో కూర్చుండి ఒక స్పానరుతో బాగుచేసుకోగల యంత్రం జాలరికి ఎంతటి వరమో వేరే చెప్పనక్కరలేదు.

లెక్కలోనికి రాని ఇంధనం

ఇక ఆ చిన్న లోపం మాట. కార్బ్యురేటరు గల పాత రకం రెండు ఘాతాల ఔట్‌బోర్డులో, వాడిన పెట్రోలులో దాదాపు నాలుగవ వంతు, కొన్ని సందర్భాలలో అంతకన్న ఎక్కువ, మండకుండానే బయటికి పోతుందని పరీక్షలు తేల్చినవి. ఉదాహరణకు ఒక పడవ రోజుకు 20 లీటర్ల పెట్రోలు వాడినదనుకొందాము. అందులో ఐదు లీటర్లు పడవను అడుగైనా కదల్చకుండా నీటిలో, గాలిలో కలిసిపోతాయి. అటువంటి పడవలు నూరు ఉంటే రోజుకు 500 లీటర్లు. పెట్రోలుకు యాభైవ వంతు చొప్పున కలిపిన నూనె దీనికి అదనం. పూర్వపు ఇంజన్లలో నూనె పాలు ఇంకా ఎక్కువగా ఉండేది.

ఇంత నష్టం ఇన్నేళ్ళు ఎట్లా సాగినది? ఒక కారణం పెట్రోలు చౌకగా ఉండడం. మరొక కారణం ఇంజను నిర్మాణంలోనే ఉన్నది. చప్పుడు తగ్గించడానికి పొగను ఇంజను కాలి గుండా నీటి అడుగుకు వదలే ఏర్పాటు చేసినారు. చప్పుడు తగ్గినది, దానితోపాటు పొగ కూడా కంటికి మరుగైనది. రోడ్డుపై స్కూటరు పొగను అందరూ చూచి ముక్కు మూసుకొంటారు. నీటిపై అది ఇంద్రధనుస్సు రంగుల పలుచని పొరగా మాత్రమే తేలుతుంది. పెట్రోలులో బెంజీను వంటి విషపదార్థాలున్నవి. వాటిలో అధికభాగం ఆవిరై పోయినా కొంత నీటిలో ఉంటుంది.

ఇంజనీర్లు ఊరకే ఉండలేదు. 1920 లలో జర్మనీకి చెందిన అడాల్ఫ్ ష్నూర్లె, క్రొత్త మిశ్రమాన్ని రెండు ధారలుగా, బయటికి పోయే రంధ్రానికి ఎదురుదిక్కున పంపి, సిలిండరులో ఒక మలుపు తిరిగేటట్లు చేసే పద్ధతిని కనిపెట్టినాడు. దీనివలన జారిపోయే మిశ్రమం తగ్గినది గాని, పూర్తిగా ఆగలేదు. మిశ్రమంతోనే పాత వాయువును తోసినంతకాలం అది ఆగదు. గ్లాసు ప్రయోగం చెప్పినది ఇదే.

సరస్సుల తీర్పు

నాలుగు ఘాతాల ఔట్‌బోర్డును పట్టుదలతో పైకి తెచ్చినవారిలో జపానుకు చెందిన హోండా సంస్థ ముఖ్యమైనది. నీటిపై నడిచే యంత్రం ఆ నీటిని పాడుచేయకూడదన్న సోయిచిరో హోండా అభిప్రాయాన్ని అనుసరించి, ఆ సంస్థ 1964 లో తన మొదటి ఔట్‌బోర్డును నాలుగు ఘాతాలతోనే చేసినది. కాని చాలాకాలం కొనేవారు బరువును, ధరను చూచినారే గాని నీటిని చూడలేదు.

లెక్క మార్చినది త్రాగునీరు. జర్మనీ, స్విట్జర్లండు, ఆస్ట్రియాల నడుమ ఉన్న కాన్‌స్టన్స్ సరస్సు నుంచి జర్మనీలోనే దాదాపు 40 లక్షల మందికి నీరు పోతుంది. ఆ సరస్సులో పడవ ఇంజన్ల పొగకు 1993 లో ఒక పరిమితి, 1996 లో మరింత కఠినమైన పరిమితి విధించినారు. పాత రకం రెండు ఘాతాల ఇంజను ఆ పరీక్షలో నెగ్గే వీలు లేదు. అమెరికాలో పర్యావరణ సంస్థ 1996 లో ఒక నిబంధన చేసినది. దాని ప్రకారం 1998 నమూనాలతో మొదలుపెట్టి 2006 నాటికి, క్రొత్త ఔట్‌బోర్డులనుంచి వెలువడే మండని ఇంధనాన్ని మొత్తం మీద 75 శాతం తగ్గించాలి. స్వచ్ఛతకు పేరొందిన తాహో సరస్సులో 1999 జూన్ 1 నుంచి కార్బ్యురేటరుతో నడిచే రెండు ఘాతాల ఇంజన్లను నిషేధించినారు. ఆ తరువాత ఆ నీటిలో పెట్రోలు జాడలు గణనీయంగా తగ్గినట్లు పరిశీలనలు తెలిపినవి.

ఇంతలో నాలుగు ఘాతాల ఇంజను కూడా పూర్వపు ఇంజను కాదు. మోటారు కార్లకోసం అభివృద్ధి అయిన తేలిక లోహాలు, మెరుగైన కవాటాల అమరిక, ఎలక్ట్రానిక్ సాధనంతో కొలిచి ఇంధనాన్ని చిమ్మే పద్ధతి పడవ ఇంజనుకు కూడా వచ్చినవి. 2000 తరువాత కొద్ది సంవత్సరాలలోనే 225 అశ్వశక్తి గల నాలుగు ఘాతాల ఔట్‌బోర్డులు బజారులోనికి వచ్చినవి.

రెండు ఘాతాలవారు కూడా మంచి ప్రతిఘటన చేసినారు. మిశ్రమానికి బదులు ఉత్త గాలితో సిలిండరును శుభ్రంచేసి, రంధ్రాలు మూసుకొన్న తరువాతనే పెట్రోలును నేరుగా లోనికి చిమ్మితే జారిపోయేది గాలి మాత్రమే గదా! గ్లాసు ప్రయోగానికి ఇది సరియైన సమాధానం. 1990 ల చివర ఇట్టి ఇంజన్లు వచ్చినవి. ఎవిన్‌రూడ్, జాన్సన్ పేర్లతో ఇంజన్లు చేసే సంస్థ తెచ్చిన మొదటి నమూనాలు తరచు చెడిపోయి చెడ్డపేరు తెచ్చుకొన్నవి. 2000 డిసెంబరులో ఆ సంస్థ దివాలా తీసినది. ఆ పేర్లను కొన్న కెనడా సంస్థ 2003 లో మెరుగైన నమూనాను ప్రకటించినది. దానికి అమెరికా పర్యావరణ సంస్థ బహుమతి కూడా లభించినది. అయినా అప్పటికే కొనేవారి మొగ్గు నాలుగు ఘాతాల వైపు తిరిగినది. 2020 మే నెలలో ఎవిన్‌రూడ్ ఔట్‌బోర్డుల తయారీ నిలిచిపోయినది.

తూచి చూస్తే

ఒకే శక్తి గల రెండు ఇంజన్లను ప్రక్కప్రక్కన పెడితే, పాత రెండు ఘాతాలది తేలిక, చౌక, సులభంగా బాగుపడేది, పిడి త్రిప్పగానే చురుకుగా లాగేది. నాలుగు ఘాతాలది తక్కువ ఇంధనంతో నడుస్తుంది, చప్పుడు తక్కువ, మెల్లగా నడిపినప్పుడు నిలకడగా ఉంటుంది, నీటిని చాలా తక్కువగా పాడుచేస్తుంది. కాని దాని నూనెను వేళకు మార్చాలి, ఒలకకుండా సరియైన ప్రక్కకే పడుకోబెట్టాలి, బాగుచేయడానికి నేర్పరి కావాలి.

మన తీరంలో తెప్పలకు, ఫైబరు పడవలకు ఔట్‌బోర్డు తగిలించి వేటకు పోయేవారికి ఈ తులన పుస్తకంలోని విషయం కాదు. కేరళ తీరంలో ఔట్‌బోర్డులను కిరసనాయిలుతో నడపడం కూడా ఎంతోకాలంగా ఉన్నది. ఇసుకమీదుగా ఇంజనును మోయవలసినవానికి ఐదారు కిలోల తేడా పెద్దదే. ముందుగా పెట్టవలసిన డబ్బు అంతకన్న పెద్దది. ఇంధనంలో మిగిలేది రోజురోజుకూ కొంచెం కొంచెంగా వస్తుంది. ఇంజను ధర ఒక్కసారే చెల్లించాలి. ఆసియా, ఆఫ్రికా తీరాలలో పాత రకం నేటికీ వాడుకలో ఉండడానికి కారణం అజ్ఞానం కాదు, ఈ లెక్కే. అయితే ఆ లెక్కలో నీటి పద్దు, దానితోపాటు ఆ నీటిలోని చేపల పద్దు కూడా చేర్చవలసి ఉన్నది. చేపపై బ్రతికేవానికి అది తన సొంత పద్దే.

ఇప్పుడు త్రూవే చూపిన విద్యుత్ మోటారు మరల పడవల వెనుకకు వస్తున్నది. దానికి పొగ లేదు. బ్యాటరీ బరువు మాత్రం ఉన్నది. అది ఎంత తేలిక, ఎంత ధర అని అడిగిన తరువాత, దానికి పెట్టిన శక్తి ఎక్కడనుంచి వచ్చినది, వాడగా మిగిలినది ఎక్కడికి పోతున్నది అని కూడా విద్యార్థులు అడగడం మంచిది. పెట్రోలు ఇంజను విషయంలో ఈ రెండవ ప్రశ్న అడగడానికి దాదాపు ఎనభై సంవత్సరాలు పట్టినది.